కొత్త బ్యాటరీ వేసినా పాత శాంట్రో ఒక్కోసారి స్టార్ట్ అవ్వకపోతే

మీరు రాసినదాని సారాంశం ఇది. 2007 మోడల్ పెట్రోల్ శాంట్రో, చెన్నై వేళచ్చేరిలో రాత్రంతా రోడ్డు మీదే ఉంటుంది. ఒక్కోరోజు పొద్దున్నే తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. నాలుగైదు సార్లు తిప్పాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం టీ నగర్‌లో పావుగంట ఆపి వస్తే మాత్రం సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే మళ్లీ మామూలే. మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఇప్పుడు సెల్ఫ్ మోటార్ కూడా మార్చాలంటున్నాడు. మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. మీ కారులో ఉన్నవి రెండు వేరువేరు జబ్బులు. ‘స్టార్ట్ అవ్వడం లేదు’ అనే ఒక్క మాటలో రెండూ కలిసిపోయి మెకానిక్‌ని తికమక పెడుతున్నాయి. సెల్ఫ్ అసలు తిరగకపోతే చూడాల్సింది బ్యాటరీ, కేబుళ్లు, తాళం స్విచ్, సెల్ఫ్ మోటార్. సెల్ఫ్ హుషారుగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే చూడాల్సింది పెట్రోలు, స్పార్క్, ఆ రెండిటినీ నడిపే ఈసీయూ అనే కంప్యూటర్. మధ్యాహ్నం జబ్బుకి కొత్త సెల్ఫ్ వేయిస్తే ఆ కొత్త సెల్ఫ్ కూడా బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు.

ఇంకో సంగతి. వచ్చిపోయే లోపాన్ని కారు బాగున్నప్పుడు వెతికితే దొరకదు. షెడ్డుకి తీసుకెళ్తే స్టార్ట్ అవుతుంది, ‘అంతా బాగానే ఉంది సార్’ అంటారు, వాళ్ల తప్పేం లేదు. మొరాయించిన ఆ రెండు నిమిషాల్లో కొలత తీసుకోవాలి. అందుకు ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, 10, 12 నంబర్ పానాలు, గరుకు కాగితం, ఒక జత జంపర్ కేబుళ్లు డిక్కీలో పెట్టుకోండి. మీటర్ రిచీ స్ట్రీట్‌లో చవకది కొన్నా ఈ పనికి సరిపోతుంది, డీసీ వోల్టులు సరిగ్గా చూపిస్తే చాలు.

ముందు పొద్దున జబ్బు. రాత్రంతా ఆగిన కారులో తాళం పెట్టకముందే బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే పూర్తి చార్జ్, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12కి దిగితే పావు వంతే. తర్వాత మీటర్ వైర్ల చివరుండే లోహపు ముల్లులు బ్యాటరీ సీసపు పోల్స్ మీదే ఆనించి (క్లాంపుల మీద కాదు, పోల్స్ మీద) ఇంకొకరిని తాళం తిప్పమనండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి. అన్నీ బాగుంటే సెల్ఫ్ తిరిగేటప్పుడు 10 పైనే ఉంటుంది. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ నీరసంగా అయినా ఉండాలి, మోటార్ బిగుసుకుని అతిగా అయినా లాగుతుండాలి.

‘టక్’ అన్న క్షణంలో ఆ అంకె ఏం చేసిందన్నదే అసలు ఆధారం. ‘టక్’మని, వోల్టేజీ 12 చుట్టుపక్కలే నిలబడితే సెల్ఫ్‌లోకి పెద్ద కరెంటు పారలేదన్నమాట. దారి ఎక్కడో తెగింది: సోలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్) లోపలి కాంటాక్టులు, మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, లేదా ఒక కేబుల్ చివర. ‘టక్’మని 8కో 7కో పడితే కరెంటు పారుతోంది కానీ బ్యాటరీ మొయ్యలేకపోతోంది. ‘టకటకటక’మని వరసగా కొట్టుకుంటే చాలావరకు చార్జ్ లేకపోవడమో, క్లాంప్ వదులో. ఏ చప్పుడూ లేకపోతే తాళం స్విచ్ నుంచి సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు దారి చూడాలి. మీటర్ దగ్గర లేని రోజు లోపలి లైటు వేసి చూసినా కొంత తెలుస్తుంది: ‘టక్’ అన్నప్పుడు లైటు చెక్కుచెదరకపోతే మొదటి రకం, బాగా మసకబారితే రెండో రకం.

మీది ఒక్క ‘టక్’, నాలుగైదు ప్రయత్నాల తర్వాత మామూలు. బ్యాటరీ కొత్తది. కాబట్టి మొదటి రకమే అని నా అనుమానం. అయినా సెల్ఫ్ విప్పే ముందు కేబుళ్లని వదలకూడదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇంత చిన్న ఇంజిన్‌కి కూడా సుమారు 100 ఆంపియర్లు కావాలి, మొదటి క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. దారిలో ఎక్కడైనా 0.02 ఓమ్ నిరోధం ఉందంటే 100 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఈ 0.02ని పట్టుకోలేరు, మీటర్ వైర్ల నిరోధమే అంతకంటే ఎక్కువ. సగం పోగులు తెగిన కేబుల్ కూడా ఓమ్స్‌లో నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజీ డ్రాప్ చూడాలి.

చూసే పద్ధతి ఇది. ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకేయండి. మీటర్ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ పోల్ మీద, రెండోది సెల్ఫ్ మీద బ్యాటరీ కేబుల్ బిగించిన లావు స్టడ్ మీద ఉంచి సెల్ఫ్ కొట్టించండి. 0.5 లోపు ఉండాలి. తర్వాత ఒక ముల్లు మైనస్ పోల్ మీద, ఇంకొకటి ఇంజిన్ బ్లాక్ మీద, రంగూ జిడ్డూ లేని చోట. 0.3 లోపు ఉండాలి. 1 దాటితే ఎర్త్ దారి (మైనస్ వైపు దారి) చెడిపోయింది, ఇంకేం ఆలోచించనక్కర్లేదు. చివరగా సోలినాయిడ్ రెండు లావు స్టడ్‌ల మధ్య: సెల్ఫ్ తిరిగేటప్పుడు 0.3 లోపు ఉండాలి. ‘టక్’ అని తిరగని క్షణంలో అక్కడ పూర్తి 12 వోల్టులు చూపిస్తే సోలినాయిడ్ కాంటాక్టులు కలవడం లేదు. అక్కడ దాదాపు సున్నా ఉండి, మోటార్ వైపు స్టడ్‌కి 12 వోల్టులు చేరుతున్నా తిరగకపోతే బ్రష్‌లు అరిగాయి. ఆ సమయంలో స్పానర్ పిడితో మోటార్ ఒంటి మీద మెల్లగా తడితే తిరిగిందనుకోండి, అది బ్రష్‌లకి దాదాపు ఖాయమైన గుర్తు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. కరెంటు పారకపోతే డ్రాప్ కూడా కనిపించదు. సోలినాయిడ్ కాంటాక్టులు కలవని క్షణంలో కేబుల్ మీద సున్నా చూసి ‘కేబుల్ బాగుంది’ అని తీర్మానించకండి. కేబుళ్ల సంగతి మోటార్ నిజంగా తిరుగుతున్నప్పుడే తేల్చాలి.

వేళచ్చేరి అన్నారు కాబట్టి నేనైతే మొదట ఎర్త్ వైరే చూస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వర్షాలకి మీ వైపు రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి, ఎర్త్ స్ట్రాప్ బాడీకి బిగించే బోల్టు చాలా కార్లలో కిందివైపే ఉంటుంది. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ పక్క కార్లకైతే ఉప్పుగాలి చాలు. బయటి ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, వంచితే లోపల రాగి ఆకుపచ్చగా పొడి అయిపోయి ఉంటుంది. తొందరగా తేల్చుకోవాలంటే, మొరాయించినప్పుడు జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస నేరుగా ఇంజిన్ బ్లాక్‌కి పట్టించండి. వెంటనే గట్టిగా తిరిగిందంటే జబ్బు దొరికినట్టే. కొత్త స్ట్రాప్ వేయించేటప్పుడు బాడీ మీద రంగు తెల్లటి లోహం కనిపించేదాకా గీకించండి, పళ్ల వాషర్ వేసి బిగించాకే పైన వేసలిన్ రాయాలి. కింద రాసి పైన బిగించడం కాదు.

కొత్త బ్యాటరీ క్లాంపులు కూడా ఒకసారి పట్టి చూడండి. చిన్న కార్ల బ్యాటరీల్లో సన్న పోల్, లావు పోల్ అని రెండు రకాలున్నాయి. లావు పోల్‌కి అలవాటుపడ్డ పాత క్లాంప్‌ని సన్న పోల్‌కి ఎంత బిగించినా పట్టదు. కొందరు మధ్యలో రేకు ముక్క దూర్చి పంపేస్తారు. చేత్తో మెలితిప్పితే రవ్వంత కూడా కదలకూడదు. తెల్లటి బూజు ఉంటే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పోసి కడిగి, ఆరబెట్టి బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

పెద్ద దారి అంతా బాగుంటే సన్న వైరు. సోలినాయిడ్ మీద చిన్న టెర్మినల్ దగ్గర, తాళం స్టార్ట్‌లో ఉండగా బ్యాటరీ వోల్టేజీకి ఒక వోల్టు తేడాలోపే రావాలి. 8, 9 వస్తుంటే తాళం స్విచ్ కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, ఈ వయసు కార్లలో మామూలే. స్విచ్ అడుగు భాగం విడిగా దొరికితే మార్చండి. లేదంటే ఒక 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టించండి. 30 నంబర్ పిన్‌కి బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ ఫ్యూజ్ మీదుగా 4 చదరపు మి.మీ. వైరు, 87 నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కి, 86కి పాత స్టార్ట్ వైరు, 85 ఎర్త్‌కి. తాళం స్విచ్ మీద బరువంతా పోతుంది. ఆటోమేటిక్ గేరు కారైతే దీనికంటే ముందు ఎన్‌లో పెట్టి స్టార్ట్ చేసి చూడాలి, గేరు దగ్గరి స్విచ్ కూడా ఇలాగే సతాయిస్తుంది.

సెల్ఫే అని తేలినా మొత్తం మార్చక్కర్లేదు. బ్రష్‌లు, బుష్‌లు, సోలినాయిడ్ విడివిడిగా దొరుకుతాయి. ఈ పని మెకానిక్ కంటే ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలోనే బాగా కుదురుతుంది. పుదుపేటలో పాత సెల్ఫ్‌లు గుట్టలుగా ఉంటాయి. కానీ పాత కారులోంచి తీసిన సెల్ఫ్ అంటే ఇంకొకరి అరిగిన బ్రష్‌లే. కొత్త భాగాలకి జీపీ రోడ్డు నయం. ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే తీగచుట్ట) కాలిపోయినా, బ్రష్‌లు రాసుకునే కమ్యుటేటర్ బాగా లోతుగా అరిగినా అప్పుడు మొత్తం మార్చడమే మేలు.

రాత్రికి రాత్రే వోల్టేజీ దిగిపోతుంటే మాత్రం లెక్క వేరు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా లేకపోతే ఆల్టర్నేటర్ చూపించండి. అది బాగుంటే, అన్నీ ఆపి తలుపులు మూసి అరగంట తర్వాత మైనస్ కేబుల్‌తో మీటర్‌ని సిరీస్‌లో, 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి చూడండి. 50 మిల్లీఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజ్ పీకుతూ ఏది పీకితే తగ్గుతుందో వెతకాలి. మీటర్ సిరీస్‌లో ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఇక మధ్యాహ్నం జబ్బు, నాకు అసలు ఆసక్తికరంగా అనిపించింది ఇదే. ఇంజిన్ ఆపగానే కూలెంట్ తిరగడం ఆగిపోతుంది, రేడియేటర్‌లోంచి గాలి రాదు. లోపలి వేడి బయటికొచ్చి బానెట్ కింద ఉష్ణోగ్రత ఆ తర్వాతి పది, ఇరవై నిమిషాలు ఇంకా పెరుగుతుంది. పావుగంట ఆపి వచ్చినప్పుడే ఎందుకు మొరాయిస్తుందంటే అందుకే. నడుస్తున్నంతసేపు ఆ భాగాలు కొంచెం చల్లగా ఉంటాయి. ఎండ తోడైతే ఇంకా ఎక్కువ, మే నెల కత్తిరి ఎండల్లో ఇలాంటి కార్లు వరసగా పడకేస్తాయి. వేడికి వచ్చి చల్లారితే పోయే లోపమంటే నా మొదటి అనుమానం ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పే క్రాంక్ పొజిషన్ సెన్సార్ మీదకే వెళ్తుంది. ఆ సెన్సార్ చాలా కార్లలో వెంట్రుకంత రాగి తీగ చుట్టిన చిన్న కాయిల్. తీగలో ఎక్కడో బీట ఉంటే వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది.

కానీ అనుమానం మీద సెన్సార్ కొనకండి. అది మొరాయించినప్పుడు ఈ వరసలో చూడండి, ఐదు నిమిషాల పని. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందా? వెలగకపోతే ఈసీయూకే కరెంటు లేదు. మెయిన్ రిలే, దాని ఫ్యూజ్, ఈసీయూ ఎర్త్ చూడాలి. రిలేల లోపలి టంకం అతుకులు వేడికి బీటలు వారడం పాత కార్లలో పేరుమోసిన జబ్బు. పక్కనున్న అదే నంబర్ రిలేని దీని చోట మార్చి పెట్టి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

లైటు వెలిగితే పంపు వినండి. ట్యాంకు మూత తెరిచి చెవి పెడితే సన్నగా ‘జుయ్’మని వినిపిస్తుంది. చాలా కార్లలో తాళం ఆన్ చేయగానే రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, కొన్నిటిలో సెల్ఫ్ తిరిగేటప్పుడే మొదలవుతుంది. మీ కారు బాగున్న రోజు ఏం వినిపిస్తుందో ముందే విని పెట్టుకోండి, లేకపోతే ఆ రోజు వినిపించనిది లోపమో అలవాటో తెలీదు. తర్వాత స్పార్క్. ప్లగ్ వైరు గాల్లో పట్టుకుని చూడటం పాత అంబాసిడర్‌ల నాటి పద్ధతి, ఈసీయూతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ కార్లలో ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్, ఈసీయూ దెబ్బతింటాయి, మీకూ షాక్ కొడుతుంది. స్పార్క్ టెస్టర్ వాడండి, లేదా ఒక మంచి ప్లగ్‌ని వైరుకి తొడిగి దాని లోహపు మర భాగాన్ని ఇంజిన్‌కి గట్టిగా ఆనేలా బిగించి చూడండి. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష వద్దు.

ఫలితాల్ని కలిపి చదవాలి. స్పార్క్ ఉండి పంపు మౌనంగా ఉంటే పంపు, దాని రిలే, కనెక్టర్. పంపు తిరుగుతూ స్పార్క్ లేకపోతే కాయిల్ వైపు. స్పార్కూ లేదు, సెల్ఫ్ తిరిగేటప్పుడు పంపూ లేదు అంటే రెండు భాగాలు ఒకేసారి చెడిపోయాయని కాదు. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు క్రాంక్ సెన్సార్ నుంచి రాకపోతే ఈసీయూ స్పార్క్ ఇవ్వదు, పెట్రోలు చిమ్మదు, పంపు రిలేని పట్టి ఉంచదు. ఆర్‌పీఎం ముల్లు ఉన్న కారైతే సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు కొంచెం లేవాలి. లేవకుండా సున్నా మీదే పడి ఉంటే అదే కథ. స్కానర్‌లో ఆర్‌పీఎం చూస్తే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుంది, 200 చుట్టుపక్కల రావాలి. ఫోన్‌కి కలిపే బ్లూటూత్ స్కానర్ మాత్రం మీ 2007 కారుకి పలకకపోవచ్చు. మన దేశంలో ఓబీడీ (కారు లోపాల్ని ఏ స్కానర్‌తోనైనా చదివే వీలు) తప్పనిసరి కావడం 2010లో బీఎస్ 4 కాలుష్య నియమాలతో మొదలైంది, కాబట్టి ఆ కంపెనీ కార్లకి పనిచేసే స్కానర్ ఉన్న షెడ్డే కావాలి.

క్రాంక్ సెన్సారే అని రుజువు చేసుకోవడానికి చిన్న ఉపాయం: మొరాయించినప్పుడు తడిగుడ్డ పిండి సెన్సార్ మీద రెండు మూడు నిమిషాలు ఉంచండి. అరగంట ఆగాల్సింది ఐదు నిమిషాల్లో స్టార్ట్ అయితే సందేహం తీరినట్టే. నీళ్లు పోయొద్దు, కనెక్టర్లు తడుస్తాయి. ఫ్యాన్ బెల్టుకి, సైలెన్సర్‌కి చెయ్యి దూరంగా ఉంచండి. రెండు వైర్ల సెన్సార్ అయితే వేడి మీద ఓమ్స్ చూడొచ్చు, చల్లగా ఉన్నప్పుడు వందల్లో ఉన్నది వేడికి అనంతం అయిపోతే తీగ తెగింది. మూడు వైర్లది చాలావరకు హాల్ సెన్సార్ (కాయిల్ బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉన్నది), దానికి ఓమ్స్ పరీక్ష పనికిరాదు. కొత్తది పెట్టేటప్పుడు సెన్సార్ కూర్చునే రంధ్రం చుట్టూ, పాత సెన్సార్ కొస మీద అంటుకున్న ఇనప పొడి తుడవండి. అది పేరుకున్నా సిగ్నల్ బలహీనపడుతుంది. వైరు సైలెన్సర్‌కి తగలకుండా పాత క్లిప్పుల్లోనే పోనివ్వాలి.

కూలెంట్ సెన్సార్ సంగతి తొందరగా చెప్తాను. అది వేడి ఇంజిన్‌ని చల్లగా ఉందని చెప్తే ఈసీయూ అతిగా పెట్రోలు పోసి ప్లగ్గులు ముంచేస్తుంది. పెట్రోలు వాసన వస్తుంది, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. చాలా కార్లలో ఈ సెన్సార్ 20 డిగ్రీల దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలో ఓమ్ చుట్టూ ఉంటుంది. పంపు ముసలిదై వేడికి నిలిచిపోతున్నా ఇలాగే ఉంటుంది, ట్యాంకులో పెట్రోలు తక్కువున్న రోజుల్లోనే వస్తే దాన్ని అనుమానించండి. ఎందుకంటే పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

మరీ దొరక్కుండా సతాయిస్తే రెండు 5 వాట్ల బల్బులు డాష్‌బోర్డు మీదికి లాగించండి. ఒకటి సోలినాయిడ్ చిన్న టెర్మినల్ నుంచి, ఇంకొకటి పంపు ప్లస్ వైరు నుంచి, ప్రతిదానికీ 3 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టి. మొరాయించినప్పుడు బానెట్ ఎత్తకుండానే ఏ బల్బు వెలగలేదో చూస్తే సగం పని అయిపోతుంది. సెన్సార్ వైర్లకి, ఈసీయూ వైర్లకి మాత్రం బల్బు కలపొద్దు.

ఇన్నీ చూసే ముందు ఒక్కసారి డాష్‌బోర్డు కింద టార్చి వేయండి. అప్పట్లో యాక్సెసరీ షాపులో పెట్టించిన రిమోట్ అలారం ఉందేమో. వాటిలో చాలావాటికి పంపు వైరునో, స్టార్ట్ వైరునో మధ్యలో కోసి ఒక చవక రిలే పెడతారు, మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకులతో. వేడికి ఆ టేపు జిగురు కారిపోతుంది, అతుకు వదులవుతుంది. అలారం వాడకపోతే పీకించి, ఆ వైర్లు టంకం పెట్టి కలిపించండి. రోడ్డు మీద పార్కింగ్ కాబట్టి పందికొక్కులు కొరికిన వైర్లు కూడా చూడండి.

ఈ లోపు పొద్దున ‘టక్’ అన్నప్పుడు కారుని తోసి, రెండో గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేసుకోవచ్చు, నష్టం లేదు. మధ్యాహ్నం సెల్ఫ్ తిరుగుతూ అందుకోనప్పుడు మాత్రం తోయించకండి, పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి. స్పార్క్ లేకుండా పెట్రోలు మాత్రం పడుతుంటే అది కాలకుండా పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరుతుంది. తర్వాత ఇంజిన్ అందుకోగానే అక్కడ మండి కన్వర్టర్ కరిగిపోవచ్చు, దాని ఖరీదు సెల్ఫ్ మోటార్ కంటే ఎక్కువ.